ఫిర్యాదు బల్ల

విద్యార్థినుల హాస్టలు, మూడో అంతస్తు
అక్టోబరు 6

పిన్నీ,

ఫోను చేయకుండా ఈ ఉత్తరం ఏమిటంటావేమో. పోయిన ఆదివారం నువ్వే అన్నావు, "నీతో ఫోనులో మాట్లాడితే నా వాక్యం క్రియాపదం దాకా చేరనే చేరదు" అని. కాగితం మీద నిన్ను అడ్డుకునేవాళ్లు లేరు. పూర్తిగా చెప్పు, పూర్తిగా వింటాను. ఆ తర్వాత పూర్తిగా ఖండిస్తాను.

డిసెంబరులో అంతర కళాశాలల డిబేట్ పోటీలు. ఫైనల్ అంశం ముందే ప్రకటించారు: "బడిలో వ్యాపారం నేర్పడం బాల్యానికి ద్రోహం." అవును, ద్రోహమే అని మా జట్టు వాదించాలి. ముగింపు ప్రసంగం నాది. ఇంతలో అమ్మ మాటల మధ్య ఓ కబురు జారవిడిచింది. నువ్వు ఎనిమిదో తరగతి పిల్లలతో దుకాణం పెట్టించావట. నమ్మలేకపోయాను. ఆరో తరగతిలో కిటికీ పక్క సీటును రెండు పెన్సిళ్లకి అద్దెకిచ్చానని నన్ను పీరియడంతా గోడవైపు నిలబెట్టిన సైన్సు టీచరువి నువ్వు. ఆ శిక్ష అన్యాయమని అప్పుడే వాదించాను. నువ్వు వినలేదు. ఇప్పుడు పంతొమ్మిది మందికి అదే పాఠం చెబుతున్నావన్నమాట.

నా అభ్యంతరం దాచను. ఓపిక, సానుభూతి, కలిసి పనిచేయడం అంటూ మీరు ఎంత అందమైన పేర్లు పెట్టినా, దుకాణంలో పిల్లలకు పట్టుబడేది ఒకటే: ఎదుటివాడు ఎంత అవమానించినా ముఖం మీద చిరునవ్వు చెదరకుండా నిలబడటం. అలాంటి నవ్వు మరో యూనిఫాం. కోపం రావలసిన చోట కోపం రాకుండా చేసేదాన్ని చదువు అనరు, మచ్చిక అంటారు. బడి పని మనుషుల్ని తయారుచేయడం. మర్యాదస్తులైన గుమాస్తాలు కావాలంటే ఆ తిప్పలేవో కంపెనీలే పడతాయి.

కాదంటావా? అయితే ఆ గదిలో నిజంగా ఏం జరుగుతుందో మెరుగులు దిద్దకుండా రాయి.

నీ అక్క కూతురు

~

టీచర్ల గది
అక్టోబరు 15

మా ఇంటి వకీలమ్మకి,

నీ ఉత్తరం చదువుతుంటే మీ బాబాయి పక్కనుంచి, "ఎవరో తిడుతున్నట్టున్నారే" అన్నాడు. మన పిల్లే అన్నాను. "అయితే పర్లేదు, తిట్టినా వ్యాకరణం తప్పదు" అని మళ్లీ పేపర్లో తల దూర్చాడు.

ముందు నీ కిటికీ సీటు సంగతి. నీకు శిక్ష పడింది అద్దెకిచ్చినందుకు కాదు. ఆ సీటు నీ పక్కనున్న కళ్లజోడు పిల్లది. దానికి బోర్డు కనిపించదు కాబట్టి కిటికీ వెలుతురు కావాలి. నువ్వు దాన్ని అడగలేదు. పదేళ్లయినా నీకు శిక్షే గుర్తుంది, ఆ పిల్ల గుర్తులేదు. ఇప్పుడు నేను నేర్పుతున్నదంతా ఆ ఒక్క అడగడం గురించే.

మా గది మెట్ల కింద ఉంది. ఇదివరకు విరిగిన బల్లలు పడేసేవాళ్లు. గురువారం చివరి రెండు పీరియడ్లు మావి. మొదటి రోజు ఏం అమ్ముదాం అంటే బిస్కెట్లని సగం మంది, బొమ్మలని సగం మంది. మీకేం ఇష్టమో నేనడగలేదు, బళ్లో ఎవరికేం ఇబ్బందిగా ఉందో కనుక్కుని రమ్మన్నాను. ఒక నెలంతా అడుగుతూనే తిరిగారు. మొదట్లో జవాబు పూర్తికాకముందే రాసేసుకుని వచ్చేవాళ్లు, అచ్చం నీలాగే. నెల చివరికి తేలింది ఏమిటంటే, బళ్లో మూడొంతుల పిల్లల బ్యాగులకి జిప్పు పడదు, లేదంటే పట్టీ ఊడిపోయి ఉంటుంది. అది ఇంట్లో చెప్పరు, చెబితే "నువ్వే తెంపావు" అంటారని. అలా మొదలైంది బ్యాగుల మరమ్మతు.

మొదటి వారం నలభై బ్యాగులు ఒప్పేసుకున్నారు. చెప్పిన రోజుకి పదకొండు ఇచ్చారు. మిగతావాళ్లు గది ముందు నిలబడి నానా మాటలూ అన్నారు. ఆ తర్వాత కాదనడం నేర్చుకున్నారు. పదమూడేళ్ల పిల్ల పదో తరగతి అబ్బాయి ముందు తల దించకుండా, "ఈ వారం కుదరదన్నా, పై గురువారం తప్పకుండా ఇస్తాం" అంది. ఆ మాట చెప్పడం నాకు ముప్పై తొమ్మిదేళ్లు వచ్చేదాకా చేతకాలేదు. ఇది మచ్చికంటావా?

ఇక తలుపు పక్కన ఒక చిన్న బల్ల ఉంది. ఫిర్యాదు బల్ల. కుట్టిన పట్టీ మళ్లీ తెగితే, ఎవరు కుట్టారో వాళ్లే ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. తెచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. ముందు చీటీ మీద ఫిర్యాదు రాసిచ్చి, తర్వాత నోటితో చెబుతారు. కుట్టినవాళ్లు అంతా విని, విన్నది తిరిగి చెప్పాలి. ఎదుటివాళ్లు "అదే" అనేదాకా చెబుతూనే ఉండాలి. "అదే" వచ్చాకే తమ మాట చెప్పుకోవచ్చు. ఆ బల్ల దగ్గర "కానీ" నిషేధం. ఈ నియమం నాది కాదు. రెండో వారం జుట్లు పట్టుకున్నాక పిల్లలే కూర్చుని రాసుకున్నారు.

నువ్వు గనక ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఒక్క "అదే" వచ్చేసరికి మాకు వేసవి సెలవులు వచ్చేస్తాయి.

పిన్ని

~

హాస్టలు
నవంబరు 2

పిన్నీ,

నీ ఉత్తరం చాలా అందంగా ఉంది. దాని లోపం అదే.

కళ్లజోడు పిల్ల గురించి నువ్వన్నది నిజం. ఒప్పుకుంటున్నాను, తేదీ వేసి దాచుకో. అయితే మిగతాదంతా విజయగాథ. విజయగాథలు కరపత్రాలకి పనికొస్తాయి, వాదనకి కాదు. నలభై బ్యాగుల్లో పదకొండే ఇవ్వడాన్ని కూడా చివరికి విజయంగానే మలిచావు. ఒక పద్ధతి మంచిదో కాదో తేలేది అది ఎవరిదగ్గర విఫలమైందో చూసినప్పుడే. పంతొమ్మిది మందిలో నీ బల్లకీ, నీ నియమాలకీ లొంగనివాళ్లు ఒక్కరూ లేరా? నిన్ను నిద్రపోనివ్వని పిల్ల ఒక్కతీ లేదా? ఉంటే రాయి. లేదంటే ఉత్తరాల్లో నాకు అబద్ధం చెబుతున్నావని అనుకుంటాను.

కోపం తెచ్చుకోకు. నువ్వు కూడా అడగడమే నేర్పుతున్నానన్నావుగా. అడుగుతున్నాను.

నీ వకీలమ్మ

~

మరమ్మతు గది
నవంబరు 13

అమ్మాయీ,

పిల్లలు వెళ్లిపోయారు. ఈ బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. ఉంది, ఒక పిల్ల ఉంది.

క్లాసులో అందరూ దాన్ని సూది అంటారు. నాలుక కూడా అలాంటిదే, చెయ్యి కూడా అలాంటిదే. మైనం రాసిన దారంతో రెండు వరసల కుట్టు వేస్తే ఇటుకలు మోసినా ఆ పట్టీ తెగదు. మిగతావాళ్లకి కుట్టు నేర్పిందీ అదే. నేను కాదు, నాకు బొత్తాం కుట్టడం కూడా సరిగ్గా రాదని నీకు తెలుసు.

సెప్టెంబరులో ఒకరోజు ఏడో తరగతి పిల్ల ఒకతి జిప్పు రన్నరు ఊడిందని చీటీ పట్టుకొచ్చింది. సూది చీటీ తీసుకుంది, చూసింది, నాలుగు ముక్కలు చేసింది. బ్యాగును ఆ పిల్ల కాళ్ల దగ్గరకి విసిరి "నీకు వాడటం రాదు" అంది. పొగరనుకున్నాను. అందరూ వెళ్లాక ఉండమన్నాను. గోడకేసి చూస్తూ అంది, "చీటీ చదవలేను టీచర్."

అక్షరాలు విడివిడిగా వచ్చు. గుణింతం దాకా తడుముకుంటూ వెళుతుంది. ఒత్తు కనిపిస్తే ఇక అక్కడే ఆగిపోతుంది. ఎనిమిదో తరగతి దాకా ఎలా వచ్చిందంటావా? ఒకసారి వింటే మర్చిపోదు. బోర్డు మీదిది బొమ్మ గీసినట్టు దించేస్తుంది. ఆ నోటికి భయపడి ఏ టీచరూ లేచి చదవమనరు. నాతో సహా. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది.

ఆ మర్నాటి నుంచి కొత్త నియమం పెట్టాను: చీటీలను ఎవరైనా ఒకరు పైకి చదవాలి, అందరూ వినాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ బల్ల దగ్గర దానంత బాగా వినేవాళ్లు లేరు. పోయిన వారం ఐదో తరగతి బుడ్డోడు ఏడుస్తూ చెప్పిందంతా విని, "పట్టీ తెగినందుకు కాదు, అందరి ముందూ పుస్తకాలు పడిపోయినందుకు కదూ ఏడుస్తున్నావు?" అంది. వాడు "అదే" అన్నాడు.

నువ్వు అడిగావు కాబట్టి రాశాను. మీ బాబాయికి కూడా చెప్పలేదు.

పిన్ని

~

హాస్టలు
డిసెంబరు 8

పిన్నీ,

గెలిచాం. పదిహేడు కళాశాలల మీద. ఉత్తమ వక్త కూడా నేనే. కప్పు ఎంత పెద్దదంటే, మా గదిలో దాన్ని పెట్టడానికి నా మంచం మీద తప్ప చోటు లేదు. దాని పక్కన ఒద్దికగా ముడుచుకుని పడుకుంటున్నాను.

ఎదుటి జట్టు గట్టిది. చివరి నిమిషం దాకా తక్కెడ అటే మొగ్గింది. ముగింపులో నేనొక ఉదాహరణ చెప్పాను. హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో ఒక ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది ఎక్కడిదని అడగకు, వచ్చినప్పుడు చెబుతాను. పేర్లేవీ వాడలేదు.

నువ్వు ఓడిపోయావని బాధపడకు. నీలాంటి ప్రత్యర్థి దొరకబట్టే ఇంత పదును పెట్టగలిగాను.

నీ వకీలమ్మ

~

ఇల్లు
డిసెంబరు 14

నీ ఉదాహరణ ఏదో నాకు చెప్పనక్కర్లేదు. మీ డిబేట్ సంఘం వీడియో పెట్టింది. మా బళ్లో ఫోను ఉన్న ప్రతి పిల్లా చూసింది.

"ఎనిమిదో తరగతి చదువుతూ ఒత్తక్షరం దగ్గర ఆగిపోయే ఒక బాలిక ఉంది. ఆమె బడి ఆమెకు చదవడం నేర్పలేదు. బ్యాగులు కుట్టడం నేర్పింది. పైగా దానికి ఆత్మవిశ్వాసం అని పేరు పెట్టింది." ఆ తర్వాత చప్పట్లు.

పేరు వాడలేదన్నావు. బ్యాగులు కుట్టే బడి ఇంకెక్కడుంది? చీటీలు పైకి ఎందుకు చదివిస్తున్నానో క్లాసుకి ఒక్క క్షణంలో అర్థమైంది. సోమవారం సూది వచ్చేసరికి దాని బల్ల మీద ఎవరో ఒకటో తరగతి వాచకం పెట్టారు. దాన్ని తీసి పక్కన పెట్టింది, బ్యాగు భుజానికి వేసుకుంది, గేటు దాకా నడిచింది. వెనకే వెళ్లాను.

"మీరే చెప్పారా టీచర్?"

"నేనే చెప్పాను."

గేటు దాటి వెళ్లిపోయింది. ఐదు రోజులైంది, బడికి రాలేదు. వాళ్లమ్మ అట్టపెట్టెలు మడిచే చోట పనిచేస్తుంది. జనవరి నుంచి తనూ ఆ పనికే వస్తానంటోందట. వయసు రాలేదని పెద్ద గేటు దగ్గర ఆపేస్తారు కదా అంటే, వెనక గేటు ఉందని చెప్పిందట.

హెడ్మిస్ట్రెస్ మరమ్మతు గది తాళాలు అడిగారు. ఇచ్చేశాను. అది తర్వాతి మాట. ముందు ఈ పిల్ల బడికి తిరిగి రావాలి. ఇప్పుడు నాకు అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

పిన్ని

~

హాస్టలు
డిసెంబరు 17

పిన్నీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను.

తప్పు చేశాను. సంఘంతో పోట్లాడి వీడియో తీసేయించాను. అప్పటికే నకళ్లు వెళ్లిపోయాయి, వాటిని ఏమీ చేయలేను. ఆ పిల్లను గుర్తుపడతారని నాకు తోచలేదు. అయితే తోచి ఉండాల్సింది, అది నా పనే. కప్పు తిరిగి ఇచ్చేయాలనుకుంటున్నాను. ఆ పిల్లకి విడిగా ఒక ఉత్తరం రాసి దీనితో జతచేశాను, దయచేసి ఇవ్వు.

అయితే ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. నీ మీద విసరడానికి అడగడం లేదు, నిజంగా అడుగుతున్నాను. సెప్టెంబరులో తెలిసింది నీకు. డిసెంబరు వచ్చింది. ఆ మధ్యలో దానికి చదవడం నేర్పడానికి నువ్వేం చేశావు?

నీ అక్క కూతురు

~

ఇల్లు
డిసెంబరు 21

అమ్మాయీ,

ఆ పిల్లకి నువ్వు రాసిన ఉత్తరం తిప్పి పంపుతున్నాను. చదవలేని పిల్లకి నాలుగు పేజీలు రాశావు. పైకి చదివి వినిపించేదాన్నేమో, కానీ అందులో "అయితే" ఏడుసార్లు ఉంది. అది క్షమాపణ కాదు, ఓడిపోతున్న వాదన. కప్పు కూడా ఎవరికీ ఇవ్వకు. దాన్ని ఇచ్చేస్తే ఇంకోసారి చప్పట్లు వస్తాయి, అంతే. పువ్వులు పెట్టుకో, మంచం మీంచి మాత్రం దించు.

నీ ప్రశ్నకి మొదట కోపం వచ్చింది. తర్వాత మీ బాబాయిని అడిగాను, నేనేం చేసి ఉండాల్సింది అని. "నన్నడిగితే ఏం లాభం, నాకు చెప్పనే లేదుగా" అన్నాడు.

ఏమీ చేయలేదు. అదీ జవాబు. మాట ఇచ్చాను కాబట్టి కాపాడుతున్నాను అనుకున్నాను. నిజానికి దాని చుట్టూ గోడ కట్టాను. చీటీలు పైకి చదివించి ఇక దానికి చదవాల్సిన అవసరమే లేకుండా చేశాను. ఆ బల్ల దగ్గర అది వింటుంటే చూసి మురిసిపోయాను, నా పద్ధతి ఎంత గొప్పదో అని. పొరపాటు అందంగా ఉంటే దాన్ని పొరపాటు అనుకోవడం కష్టం. నువ్వు దాన్ని బయటపెట్టిన తీరు తప్పు. బయటపెట్టిన మాట తప్పు కాదు. రెండూ ఒకే కాగితం మీద రాయడం నాకు కష్టంగానే ఉంది.

వాళ్లింటికి మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు లోపలి గదిలోంచి బయటకి రాలేదు. మూడోసారి వాళ్లమ్మ లోపలికి వెళ్లి వచ్చి చెప్పింది. "ఆ అక్కని ఫిర్యాదు బల్ల దగ్గర కూర్చోమనండి అంటోందండీ. టీచరు ఆ గదిలో ఉండకూడదట. ఇదైపోయాక చూస్తానంటోంది, బడి సంగతి."

హెడ్మిస్ట్రెస్ దగ్గర ఆ ఒక్క రోజుకి తాళాలు అడిగి తెచ్చాను. క్రిస్మస్ సెలవుల తర్వాత మొదటి గురువారం. రా. ఏమీ తయారుచేసుకోకుండా రా.

పిన్ని

~

హాస్టలు
జనవరి 11

పిన్నీ,

ఆ రోజు నువ్వు టీచర్ల గదిలో టీ చల్లారబెట్టుకుంటూ కూర్చున్నావు. బయటకి వచ్చాక ఏం జరిగిందని అడిగావు. ఇంటికి వెళ్లాక బాబాయి "దీనికి మాటలు రావడం లేదు, డాక్టరును పిలుద్దామా" అన్నాడు. ఇప్పుడు రాస్తాను.

పిల్లలు పద్దెనిమిది మంది గోడలవైపు తిరిగి పని చేసుకుంటున్నారు. ఒక్కరూ తల తిప్పలేదు, చెవులు మాత్రం అన్నీ మావైపే. సూది నేననుకున్నదానికన్నా పొట్టి. ఎదురుగా కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. నాలుగే వాక్యాలు చెప్పింది. నా జీవితంలో ఒక మనిషి నాలుగు వాక్యాలు చెబుతుంటే మధ్యలో జవాబు తయారుచేసుకోకుండా ఉన్నది లేదు. అప్పుడూ తయారుచేసుకుంటూనే ఉన్నాను. అందుకే తిరిగి చెప్పమంటే తప్పాను.

"నీ రహస్యాన్ని బయటపెట్టి నీ మనసును గాయపరిచాను అంటున్నావు" అన్నాను.

"నేను మనసు అనలేదు. గాయం అనలేదు. అవి నీవి" అంది.

రెండోసారి గోప్యత అనే మాట వాడాను. గోడ దగ్గర్నుంచి ఒకడు తల తిప్పకుండానే, "అక్కా, మామూలుగా మాట్లాడే మాటల్లో చెప్పు, ఇక్కడ కప్పులివ్వరు" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. సూది నవ్వలేదు. "మళ్లీ చెబుతాను, విను" అని మొదటినుంచి చెప్పింది. అప్పుడు విన్నాను.

"నాకు చదవడం రాదని చెప్పావు, అది నిజమే. నాకేం వచ్చో మీ పిన్ని రాసే ఉంటారు, నా కుట్టు గురించి, నేను ఈ బల్ల దగ్గర ఎలా వింటానో. అది వదిలేశావు, ఎందుకంటే అది కూడా చెబితే నువ్వు గెలవవు."

నాలుగో వాక్యం: "సగం మనిషిని పట్టుకెళ్లి అందరికీ చూపించి ఈ పిల్ల ఇంతే అన్నావు."

పిన్నీ, ఎందరు న్యాయనిర్ణేతలు నా ప్రసంగాలకి మార్కులు వేశారో. ఒక్కరికీ ఇది కనిపించలేదు. నేను ఆమె మాటల్లోనే, ఒక్క ముక్క మార్చకుండా తిరిగి చెప్పాను.

"అదే" అంది.

ఇక నా వంతు. అక్కడ "కానీ" లేదు. బస్సులో ఆరు గంటలు సిద్ధం చేసుకున్నదంతా, వద్దన్నా చేసుకున్నాను, "కానీ"తోనే మొదలవుతుంది. చివరికి "అవును, గెలవడానికే వదిలేశాను" అని మాత్రం అన్నాను. క్షమించమని అడిగాను. క్షమించానని అనలేదు. నా భుజంకేసి చూసి, "ఆ పట్టీ ఇంకో వారంలో ఊడుతుంది. ఇటు ఇవ్వు" అంది.

ఇచ్చాను. నా పుస్తకాలన్నీ తీసి ఎదుట పేర్చింది. "వచ్చే గురువారం ఇస్తాను" అంది.

"నేనుండేది ఆరు గంటల దూరం."

"అయితే ఆరు గంటలు ప్రయాణం చేసి రా. ఇస్తానన్న రోజు నేనిక్కడ ఉంటాను."

ఆ మాట విన్నాక గోడలవైపు ఉన్న పద్దెనిమిది వీపులూ ఒక్కసారి కదిలాయి. పుస్తకాలు చేతుల్లో పట్టుకుని బస్సెక్కాను. రెండు దారిలో పడిపోయాయి, ఏరుకున్నాను.

ఆమె నీ గురించి కూడా ఒక మాట చెప్పింది. అది ఆమే నీకు చెబుతుంది. నేను రాయను. ఎంత అడిగినా రాయను.

ఒకటి మాత్రం చెప్పాలి. పిల్లల చేత దుకాణం పెట్టించడం మీద నా అనుమానాలు పోలేదు. రేపు ఏ కంపెనీవాడో వచ్చి మీ గది మీద తన బోర్డు తగిలిస్తానంటే నీకంటే ముందు నేనే గేటు దగ్గర నిలబడతాను. కాకపోతే ఇక మీదట ఎదుటి జట్టు చెప్పింది ముందు వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పి, ఆ తర్వాతే కొట్టాలనుకుంటున్నాను. మా జట్టువాళ్లు నాకు ఒంట్లో బాగాలేదనుకుంటున్నారు.

నీ అక్క కూతురు

~

బడి
ఫిబ్రవరి 2

వకీలమ్మకి,

నీ బ్యాగు కోసం మళ్లీ అడిగి తెచ్చిన తాళాలు తిరిగి ఇవ్వకముందే, నువ్వు బ్యాగు తీసుకెళ్లిన మర్నాడు నా వంతు వచ్చింది. పిల్లలొచ్చి, "టీచర్, మిమ్మల్ని బల్ల దగ్గర కూర్చోమంటోంది" అన్నారు. బల్ల నేను పెట్టిందే అయినా, నియమం వాళ్లు రాసుకున్నది. తప్పించుకునే దారి లేదు.

దాని ఫిర్యాదు చిన్నది. "మీకు తెలిశాక కూడా నేర్పలేదు. జాలిపడ్డారు. నేను నేర్చుకోలేననుకున్నారు." అలా అనుకోలేదని చెప్పబోయాను, చెప్పకూడదు. తిరిగి చెప్పడానికి నాకు నాలుగుసార్లు పట్టింది, నీకు మూడే పట్టిందట. ప్రతిసారీ "జాలి" దగ్గర తప్పాను, "శ్రద్ధ" అంటున్నాను. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నోరు ఆ చిన్న మాటను పలకనంటుంది. నాలుగోసారి పలికింది. "అదే" అంది. నా వంతు వచ్చాక, అవును, అలాగే అనుకున్నానేమో, నాకే తెలియకుండా, అన్నాను.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ దగ్గరకి వెళ్లి రెండు మాటలూ చెప్పాను, ఆ గదిలో ఏం నేర్చుకుంటున్నారో, నేనేం చేయలేదో. ఆవిడ చాలాసేపు విని, తాళాలు బల్ల మీదుగా నావైపు జరిపి, "గురువారాలు మీవి. రోజూ పొద్దున్న గంట కొట్టేముందు అరగంట కూడా మీదే" అన్నారు.

రోజూ ఆ అరగంట మేమిద్దరం ఒత్తుల మీద కూర్చుంటున్నాం. మొదటి రోజు ఎవరూ చూడకూడదని తలుపు వేయబోయాను. సూది లేచి వెళ్లి బార్లా తీసింది. "మూస్తే దొంగతనం చేస్తున్నట్టుంటుంది టీచర్" అంది. మెట్ల కింద గది, బడికి వచ్చే ప్రతి పిల్లా అటునుంచే వెళ్లాలి. అది గొంతు తగ్గించదు. "రా కి ష ఒత్తు, కాదు కాదు, ష కి ట ఒత్తు" అని మెట్లెక్కేవాళ్లందరికీ వినపడేలా తప్పు చదువుతుంది, తర్వాత అంతే గట్టిగా ఒప్పు చదువుతుంది. మొదటి వారం నవ్వులు వినపడ్డాయి. రెండో వారం తగ్గాయి. ఇప్పటికి పేజీలో సగం ఆగకుండా వెళుతోంది. మిగతా సగం దగ్గర నన్ను తిడుతుంది.

ఆ ఒకటో తరగతి వాచకం సూది బల్ల మీద పెట్టింది తొమ్మిదో తరగతి అమ్మాయని తేలింది. ప్రార్థన రోజూ తనే చదువుతుంది, పుస్తకం చేతిలో తెరిచి ఉంటుంది, దానిలోకి చూడదు, అంతా కంఠతా. నేను ఏమీ అనలేదు. సూదిని అడిగితే, "ఫిర్యాదు చేయను, తనే వస్తే వింటాను" అంది.

ఈ రోజు పొద్దున్న ఆ అమ్మాయి మా తలుపు దగ్గరకి వచ్చి నిలబడింది. ఏం కావాలని అడిగాను.

"బ్యాగు బాగుచేయించుకుందామని" అంది.

భుజాన బ్యాగు లేదు. చేతిలో కూడా లేదు. ఇవాళ గురువారం కూడా కాదు. నేనేదో అనబోతున్నాను.

సూది పుస్తకంలోంచి తల ఎత్తలేదు. వేలు ఆ వరస మీదే ఉంచి, బెంచీ మీద ఓ పక్కకి జరిగింది.

పిన్ని